హాలండ్ దొడ్డి

మా బాల్య భద్రతా మండలి డైరెక్టరు సుధీంద్రబాబు గారు ఎనిమిది రోజులు హాలండ్ వెళ్లొచ్చారు. వెళ్లింది నిజానికి సముద్రానికి వేసిన అడ్డుకట్టలు చూడటానికి. ఆ బృందంలో వెళ్లాల్సిన ఇంజినీరుకు టైముకు పాస్‌పోర్టు రాలేదు. పాస్‌పోర్టు చేతిలో ఉన్న అధికారి జిల్లాలో ఇంకెవరున్నారని వెతికితే ఈయన దొరికారు.

కట్టలు చూడాల్సిన రోజున అక్కడ వాన. అందుకని ఆయన్ని ఒకరింటికి కాఫీకి తీసుకెళ్లారట. ఆ ఇంట్లో హాలు మధ్య, నాలుగు పక్కలా కర్ర కమ్మీలున్న పెట్టె ఒకటి ఉంది. అందులో ఏడాది పిల్లాడు చెక్క బాతుతో ఆడుకుంటున్నాడు. ఈయన కాఫీ తాగినంతసేపూ వాడు ఏడవలేదు. వాళ్లమ్మ పక్కగదిలో తన పనేదో తాను చేసుకుంది.

ఆ ఇరవై నిమిషాల కాఫీతో మా జిల్లాలో పిల్లల పెంపకం మారిపోయింది.

నా పేరు గంగామణి. బీడీ కాలనీలో అంగన్‌వాడీ టీచర్ని. పదహారేళ్ల సర్వీసు. పైనుంచి ఏది వచ్చినా దాన్ని పగలకుండా, ఒలకకుండా కిందికి దించడమే నా ఉద్యోగం. ఇది కూడా అలాగే దించాను. ఆ తర్వాత జరిగిందంతా అది కింద ఆనాక జరిగింది.

సార్ వచ్చిన వారానికి టీచర్లందరికీ మీటింగ్ పెట్టారు. తెర మీద ఆ పెట్టె బొమ్మ వేసి, దాని పక్కన నిలబడి అడిగారు.

"పాశ్చాత్య శిశువు ఎందుకు ఏడవదు?"

ఆయనే జవాబు చెప్పారు.

"ఎందుకంటే, దానికి తన పరిధి తెలుసు. మన శిశువు ఎందుకు ఏడుస్తోంది? దాని ముందు హద్దుల్లేని ఇల్లు పడి ఉంది. ఆ విశాలత్వం చూసి అది భయాందోళనలకు గురవుతోంది."

నేను లేచాను. "సార్, మా కాలనీలో ఇల్లంటే ఒకటే గది సార్. ఇటు పది, అటు పన్నెండు అడుగులు."

"నేను చెబుతున్నదీ అదే గంగామణి గారూ. పన్నెండడుగులు! పెద్దవాళ్లం మనకు చిన్నగా కనబడుతుంది. శిశువు కోణంలోంచి చూడండి. అదొక ఎడారి."

మా సూపర్‌వైజరు విమలాదేవి మేడమ్ 'ఎడారి' అని డైరీలో రాసుకుని కింద గీత గీసుకున్నారు.

దానికి పేరు పెట్టడానికి కమిటీ మూడుసార్లు కూర్చుంది. మొదట 'శిశు క్రీడావలయం' అనుకున్నారు. వలయమంటే గుండ్రంగా ఉండాలి కదా, ఇది నలుచదరంగా ఉందని ఒక సభ్యుడు అసమ్మతి రాశాడు. చివరికి 'చతురస్ర శిశు క్రీడావరణం' ఖాయమైంది. డిజైను చేసింది హాలండ్‌లో హన్నెకె అనే ఆవిడ. గీతలు ఆవిడవి, కర్ర మన జిల్లాది. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. ఎనిమిది నెలలు నిండి నడక పూర్తిగా రాని పిల్లలున్న ప్రతి ఇంటికీ ఒకటి. పిల్ల రోజుకు రెండు గంటలు అందులో ఉండాలి. ఆ రెండు గంటలకూ 'స్వయంప్రతిపత్తి సమయం' అని పేరు.

నా కేంద్రానికి ఇరవై రెండు వచ్చాయి. మొదటిది భూలక్ష్మి ఇంట్లో దించాను.

భూలక్ష్మి గురించి చెప్పాలి. ఇరవై ఆరేళ్ల పిల్ల. మొగుడు రైసుమిల్లులో హమాలీ. ఇంట్లో అత్త రాజవ్వ, పదమూడు నెలల కూతురు మన్విత. భూలక్ష్మి చాట ఒళ్లో పెట్టుకుని పొద్దస్తమానం బీడీలు చుడుతుంది. రోజుకు వెయ్యి చుట్టి కార్ఖానాలో అప్పగించాలి. తక్కువైతే ఆకు ఇవ్వరు. ఆకు లేకపోతే పని లేదు.

మీటింగ్‌కు ముందు నెలలోనే మన్విత చాటలో చెయ్యి పెట్టి పిడికెడు పొగాకు నోట్లో వేసుకుంది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్తుంటే నా ఒళ్లోనే కక్కింది. కళ్లు తేలేసింది. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. అప్పట్నుంచి భూలక్ష్మి ఒక కన్ను ఆకు మీద, ఒక కన్ను పిల్ల మీద పెట్టి చుడుతోంది. వెయ్యి చుట్టాల్సింది ఏడొందల దగ్గర ఆగిపోతోంది. కార్ఖానా మేస్త్రీ ఇక చూసి చూసి, వచ్చే నెలనుంచి ఆకు ఇవ్వనని చెప్పేశాడు. అందుకే సార్ మీటింగ్‌లో బొమ్మ చూపించినప్పుడు, నవ్వినవాళ్లలో నేను లేను. ఈ పెట్టె భూలక్ష్మికి పనికొస్తుందనే నమ్మాను.

కమ్మీలు, చెక్కలు విడివిడిగా వచ్చాయి. బిగించే పుస్తకం హాలండ్ భాషలో ఉంది. బొమ్మలు చూసి నేనూ భూలక్ష్మీ బిగించాం. పొద్దున పదింటికి మొదలుపెడితే ఒంటిగంటకు నిలబడింది. అది నిలబడ్డాక చూస్తే మేం నిలబడటానికి చోటు లేదు. మంచం బయట వాకిట్లోకి పోయింది. మంచంతోపాటు దాని మీదున్న రాజవ్వ కూడా పోయింది.

గుమ్మంలోంచి తొంగి చూసి రాజవ్వ అడిగింది. "గిదేంది బిడ్డా? బందెలదొడ్డి లెక్కుంది. బర్రెను తోల్తరా ఏంది గిందుల?"

"దొడ్డి కాదు రాజవ్వా. చతురస్ర శిశు క్రీడావరణం."

"నా నోరు తిరగది. నేను దొడ్డే అంట."

సాయంత్రానికి కాలనీ అంతా దానికి దొడ్డి పేరే స్థిరపడింది. పదిరోజుల తర్వాత, ఆ మాట వాడకూడదని మండలి నుంచి సర్క్యులర్ కూడా వచ్చింది. అందులో ఆ మాట నాలుగుసార్లు ఉంది.

ఇంకో నిబంధన ఏమిటంటే, ఆవరణం సహజ కాంతి పడేచోట ఉండాలి. భూలక్ష్మి ఇంట్లో కిటికీ ఒకటే. ఆ కిటికీ కిందే ఆమె ఇన్నాళ్లూ చాట పెట్టుకుని కూర్చునేది. ఆ చోటు ఆవరణానికి పోయింది. ఆమె మూలకు జరిగింది. చీకట్లో ఆకు నరం కనబడక బీడీలు వంకరపోయాయి.

మన్వితను అందులో దింపాం. చెక్క బాతు ఇచ్చాం. మన్విత బాతును బయటికి విసిరేసి, కమ్మీలు రెండు చేతులా పట్టుకుని మొదలుపెట్టింది. నేను పదహారేళ్లలో చాలామంది పిల్లల ఏడుపులు విన్నాను. ఇది అలాంటిది కాదు. పక్కింటివాళ్లు వచ్చారు, ఎదురింటివాళ్లు వచ్చారు. అటుగా పోతున్న పాలాయన సైకిలు ఆపి, "ఏమైందమ్మా, ఎవరన్న పోయిన్రా?" అని అడిగాడు.

భూలక్ష్మి నా వైపు చూసింది. "ఎంతసేపక్కా?"

"రెండు గంటలు."

"రెండు గంటలు గిట్లనే ఏడిస్తే పాణం పోతది అక్కా."

ఎత్తుకుంది. ఎత్తుకోగానే మన్విత నవ్వింది. నవ్వి, కిందికి దిగి, నేరుగా మూలనున్న చాట వైపు పాకింది.

మిగతా ఇరవై ఒక్క ఇళ్లలోనూ ఇంతే. ఒకరు అందులో బియ్యం బస్తా పెట్టారు. ఒకరు గంపకింద కోళ్లను తీసి అందులో వదిలారు. కోళ్లు ఏడవలేదు కాబట్టి ఆ ఒక్క ఇంట్లో మాత్రం పథకం ఉద్దేశం నెరవేరిందని చెప్పాలి.

అప్పుడు యాప్ వచ్చింది.

రోజూ ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. ఫొటోలో ఒక పెద్దమనిషి, ఒక పిల్ల, ఇద్దరి మధ్యా కర్ర కమ్మీలు కనబడాలి. కనబడితే పచ్చ టిక్కు, లేకపోతే ఎర్ర ఇంటూ. ఇరవై రోజుల్లో నాకు నాలుగు వందల పైచిలుకు ఇంటూలు పడ్డాయి. విమలాదేవి మేడమ్ స్వయంగా వచ్చారు.

"గంగామణీ, నీ కేంద్రం క్షేత్రస్థాయిలో తీవ్రంగా ఎరుపెక్కింది."

"పిల్లలు ఉండట్లేదు మేడమ్. ఏడుస్తున్నారు."

"ఏడుపు అనేది సంధి దశ. మార్గదర్శకాల్లో ఉంది. నెలాఖరుకు పచ్చబడకపోతే నీ సేవలు మండలికి అవసరమా లేదా అనే విషయం పరిశీలనలోకి వస్తుంది." గొంతు తగ్గించి మామూలుగా అన్నారు: "నీ ఉద్యోగం పోతుందే. నాది కూడా."

మరుసటి రోజు దిగులుగా భూలక్ష్మి ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే ఆగిపోయాను.

భూలక్ష్మి ఆవరణం లోపల కూర్చుని ఉంది. కిటికీ వెలుగు నేరుగా ఒళ్లో పడుతోంది. ఒళ్లో చాట, పక్కన ఆకు, పొగాకు డబ్బా, దారం, కత్తెర. చకచకా చుడుతోంది. మన్విత బయట గదంతా తన రాజ్యంగా తిరుగుతోంది. గిన్నె కొడుతోంది, చెప్పు కొరుకుతోంది, మధ్యమధ్య కమ్మీలు పట్టుకుని లేచి నిలబడి తల్లి ముఖం చూసి కిలకిలా నవ్వుతోంది. నవ్వి మళ్లీ తన పనిమీద పోతోంది. పొగాకు దానికి అందే దూరంలో లేదు.

"ఏంటే ఇది?"

"ఏం జెయ్యనక్కా. ఎల్తురు గీన్నే ఉంది. అది లోపటుంటే ఏడుస్తుంది. నేనుంటే ఏడుస్తలేదు." చెయ్యి ఆపకుండానే అంది. "నిన్న వెయ్యి అయినై. పొద్దుగూకక ముందే."

రాజవ్వ వాకిట్లో మంచమ్మీంచి అరిచింది. "దొడ్డిల ఎవలుండాల్నో ఇప్పుడు సమజైంది!"

అలవాటుగా ఫోన్ తీసి ఫొటో తీశాను. పెద్దమనిషి ఉంది. పిల్ల ఉంది. ఇద్దరి మధ్యా కమ్మీలున్నాయి. యాప్ కాసేపు గుండ్రంగా తిరిగింది.

పచ్చ టిక్కు పడింది.

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. వారం తిరిగేసరికి ఇరవై రెండిళ్లలోనూ తల్లులు లోపలికెళ్లి బీడీలు చుడుతున్నారు. కోళ్లున్న ఇంట్లో కూడా కోళ్లను ఖాళీ చేయించారు. నా కేంద్రం చివరి గడి దాకా పచ్చబడింది.

నెలాఖరున యాప్ బరువులు అడిగింది. 'ఆవరణంలో ఉన్న వ్యక్తి బరువు నమోదు చేయండి' అని ఉంది. నేను తూకం మిషన్ చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఆవరణంలో ఉన్న వ్యక్తిని బయటికి పిలిచి, తూచి, అంకె కొట్టాను. భూలక్ష్మి నలభై ఎనిమిది. పక్కింటి లత యాభై మూడు. ఒక్క మాట కూడా అబద్ధం రాయలేదు. అడిగిందే రాశాను.

మూడో రోజు విమలాదేవి మేడమ్ ఫోను చేశారు.

"గంగామణీ, ఏం చేశావే?"

నా పని అయిపోయిందనుకున్నాను.

"జిల్లాలో ఫస్టు వచ్చావు! నీ కేంద్రంలో సగటు శిశువు బరువు నెలలో ఎనిమిదిన్నర నుంచి నలభై ఏడు కిలోలకు పెరిగింది. సార్ ఆనందం పట్టలేకపోతున్నారు. ఆవరణంలో కూర్చోవడానికీ బరువు పెరగడానికీ ప్రత్యక్ష సంబంధం ఉందని రాజధానికి నివేదిక పంపేశారు."

"మేడమ్, ఒక్కో శిశువు నెలలో ముప్పై ఎనిమిది కిలోలు ఎట్లా..."

"అది మనం అడిగే ప్రశ్న కాదు. గ్రాఫు చూడు. నిట్టనిలువుగా పోయింది. సార్ దాన్ని ఫ్రేము కట్టించారు. ఇంకో విషయం. హాలండ్ నుంచి ఆ హన్నెకె గారు మన దేశం వచ్చి ఉన్నారట. సార్ ఆవిణ్ని బుధవారం నీ కేంద్రానికే తెస్తున్నారు. ఉత్తమ గృహం ఒకటి చూపించాలి."

బుధవారం పదకొండింటికి రెండు కార్లు వచ్చాయి. హన్నెకె యాభై దాటిన పొడుగాటి మనిషి. చేతిలో చిన్న పుస్తకం, చెవి మీద పెన్సిలు. ఆవిడ ఇంగ్లిషులో మాట్లాడితే విమలాదేవి మేడమ్ మాకు తెలుగులో చెబుతున్నారు. సార్ ముందు నడుస్తూ, భూలక్ష్మి ఇంటి గుమ్మం దగ్గర చెయ్యి చాపి అన్నారు.

"దయచేయండి. స్వయంప్రతిపత్తి పొందిన ఒక శిశువును మీరు ప్రత్యక్షంగా తిలకించబోతున్నారు."

లోపలికి తొంగి చూశారు. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

భూలక్ష్మి ఆవరణంలో కూర్చునే దండం పెట్టింది. మన్విత పాక్కుంటూ వచ్చి సార్ బూటు లేసు నోట్లో పెట్టుకుంది.

"ఎవరిది ఈ... ఇక్కడ ఎవరు... శిశువేది?" అన్నారు సార్.

"మీ కాళ్లకాడున్నది సార్," అంది భూలక్ష్మి.

హన్నెకె మాత్రం చప్పుడు చెయ్యకుండా లోపలికొచ్చి ఆవరణం పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చాట చూసింది. పొగాకు చూసింది. పిల్లని చూసింది. ఆమెకు ఎవరూ ఏమీ వివరించాల్సిన అవసరం రాలేదు. తలూపి, ఏదో పొడుగ్గా చెప్పింది. సార్ ముఖంలో రంగులు మారాయి. మేడమ్ ఒక్క క్షణం తడుముకుని అనువదించారు.

"ఏమంటున్నారంటే సార్, వారి స్వగృహంలో వారి అబ్బాయి దీన్ని పదో రోజునే ఎక్కి దూకేశాడట. ఆ తర్వాత వారు అందులో ఉతకాల్సిన బట్టలు వేసుకునేవారట. అంటే ఆ దేశంలో దీన్ని... బహుళార్థ సాధకంగా వినియోగిస్తారు సార్."

హన్నెకె పుస్తకం తెరిచి భూలక్ష్మిని అడిగింది. మేడమ్ మళ్లీ చెప్పారు. "ఇందులో ఏమన్నా లోపం ఉందా అని అడుగుతున్నారు."

భూలక్ష్మి బీడీ ముడి వేస్తూ ఆలోచించింది. "నడుముకు ఆనుకునేతందుకు ఏమన్న ఉంటే మంచిగుండు. పొద్దంత కూసుంటే కమ్మీలు ఒత్తుకుంటున్నయి. ఇంక గీ పక్కకు చిన్న అరుగు లెక్క వెడితె కట్టలు వెట్టుకుందు."

హన్నెకె అది శ్రద్ధగా రాసుకుంది. బొమ్మ కూడా గీసుకుంది. లేస్తూ ఒక మాట అని పెద్దగా నవ్వింది. ఈసారి మేడమ్ కూడా నవ్వేశారు. "ముప్పై ఏళ్లుగా ఇవి తయారు చేస్తున్నారట. లోపల కూర్చున్న మనిషి లోపం చెప్పడం ఇదే మొదటిసారట. ఇన్నాళ్లూ లోపలున్నవాళ్లకు మాటలు రావు కదా."

సార్ నవ్వలేదు. ఆవిణ్ని కారెక్కించి, నన్నూ మేడమ్‌నూ నా కేంద్రంలోకి పిలిచి, పిల్లలు కూర్చునే పొట్టి కుర్చీలో కూలబడ్డారు. ఆ కుర్చీలో ఆయన మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి.

"నలభై ఎనిమిది కిలోలు ఎవరిది?"

"ఆవరణంలో ఉన్న వ్యక్తిది సార్."

"వ్యక్తి అంటే శిశువు!"

"నిర్వచనాల పేజీలో అట్లా లేదు సార్. చూశాను."

ఆయన కళ్లు మూసుకున్నారు. విమలాదేవి మేడమ్ నెమ్మదిగా అన్నారు. "సార్, పొరపాటని రాసి సరిచేద్దామా?"

"ఏమని సరిచేస్తాం మేడమ్? ఆ అంకెలు రాజధానికి వెళ్లాయి. మెచ్చుకుంటూ లేఖ కూడా వచ్చింది. ఇప్పుడు సరిచేస్తే, నా జిల్లాలో ఒక్కో శిశువు ఒక్క నెలలో ముప్పై ఎనిమిది కిలోలు తగ్గిపోయినట్టవుతుంది. అది కరువు! ఎంక్వయిరీ వేస్తారు. నేనేం సమాధానం చెప్పాలి?"

కాసేపటికి సార్ కళ్లు తెరిచారు. వాటిలో మళ్లీ వెలుగు వచ్చింది. నాకు అది చూస్తేనే భయం వేసింది.

"సరిచేయొద్దు. పథకం విజయవంతమైంది. శిశువులు ఆశించిన బరువును అందుకున్నారు. అందుకున్నారు కాబట్టి ఈ కాలనీలో ఆవరణాల అవసరం తీరిపోయింది. అవసరం తీరిన వస్తువును మండలి వెనక్కి తీసుకుంటుంది. ఆవరణమే లేకపోతే, అందులో ఎవరు కూర్చున్నారన్న ప్రశ్న ఉదయించదు."

ఉత్తర్వు మూడు రోజుల్లో వచ్చింది. శుక్రవారం లారీ వస్తుంది. ఇరవై రెండు ఆవరణాలను 'లబ్ధిదారుకు ఎలాంటి అసౌకర్యమూ కలగకుండా, ఖాళీగా ఉన్న స్థితిలో' స్వాధీనం చేసుకోవలెను. టీచరు వెంట ఉండి సంతకం చేయవలెను. ఒక్కటి తగ్గినా బాధ్యత టీచరుదే.

ఆ కాగితం పట్టుకుని నేనే భూలక్ష్మి దగ్గరికెళ్లాను. చదివి వినిపించాను. ఆమె మొదటిసారి చెయ్యి ఆపింది.

"ఆనాడు పొల్ల పాణం పొయ్యొచ్చింది. నీ ఒళ్లనే కక్కింది. నీకెర్కలేదా అక్కా?"

"ఎర్కే."

"ఇది వొయినంక మల్ల కింద కూసోవాలె. అది మల్ల చాటల చెయ్యి వెడ్తది."

ఆమె కాగితం నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమెకు చదవడం వచ్చు, ఏడో తరగతి దాకా చదివింది. ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది. ఒకచోట వేలు ఆపింది.

"ఖాళీగ ఉన్నప్పుడు అని రాసిన్రు గద."

"అవును."

"సరే," అని కాగితం మడిచి ఇచ్చేసి, మళ్లీ ఆకు అందుకుంది.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి లారీ వచ్చింది. దాంతోపాటు మండలి స్టోర్‌కీపరు పరంధాములు, ఇద్దరు కూలీలు. పరంధాములు ముప్పై ఏళ్లు స్టోర్సులో పనిచేసిన మనిషి. కాగితంలో లేనిది చెయ్యడు, ఉన్నది వదలడు. భూలక్ష్మి ఇంటి గుమ్మంలో నిలబడి ఉత్తర్వు పైకి చదివాడు.

లోపలినుంచి భూలక్ష్మి అంది. "ఖాళీ అయినంక తీస్కపోండ్రి సారూ. ఇంక ఎనిమిదొందలు చుట్టేదుంది."

"సరేనమ్మా. ఎప్పుడవుతుంది?"

"అయినప్పుడు."

పరంధాములు నా వైపు చూశాడు. నేను రిజిస్టరు వైపు చూశాను. "పక్కింటిది ముందు తీసుకుందాం," అన్నాడు. పక్కింట్లో లత కూర్చుని ఉంది. ఆ పక్కింట్లో ఇంకొకామె. ఇరవై రెండిళ్లు తిరిగాం. ఇరవై రెండు చాటలు, ఇరవై రెండు కత్తెరల చప్పుడు. పిల్లలు మాత్రం వీధంతా పాకుతున్నారు. లారీ చక్రం దగ్గర ముగ్గురు చేరి డ్రైవరుకు ఊపిరి ఆడనివ్వలేదు.

మధ్యాహ్నం పన్నెండుకు మళ్లీ భూలక్ష్మి ఇంటికొచ్చాం. పరంధాములు ఆశగా అన్నాడు. "అన్నానికైనా లేస్తుంది కదా."

లేచింది. లేవకముందే రాజవ్వ కర్ర ఆనించుకుంటూ వచ్చి, కూలీ పిల్లాడి భుజం పట్టుకుని, ఒక కాలు లోపల పెట్టింది. రెండో కాలు కూడా పెట్టి కూర్చున్నాకే భూలక్ష్మి బయటికొచ్చింది.

పరంధాములు తల పట్టుకున్నాడు. "అవ్వా, నువ్వు లబ్ధిదారువి కాదు కదా!"

"నాకు పండ్లు లెవ్వు. నడుస్తె పడ్త. ఊకూకె ఏడుస్త," అంది రాజవ్వ. "ఇంక శిశువంటె ఎవలు కొడుకా?"

పరంధాములు ఉత్తర్వు తీసి మళ్లీ చదువుకున్నాడు. లాగి పడేయమని అందులో లేదు. అసౌకర్యం కలగకూడదని మాత్రం ఉంది. రాజవ్వ ముఖంలో ఎక్కడా అసౌకర్యం లేదు. మేం అక్కడే వాకిట్లో మంచం మీద కూర్చున్నాం. భూలక్ష్మి అన్నం తిని, మాకందరికీ చాయ్ పెట్టి ఇచ్చి, తిరిగి లోపలికెళ్లింది. రాజవ్వ బయటికొచ్చింది. మిగతా ఇరవై ఒక్క ఇళ్లలోనూ అత్తలో, పక్కింటివాళ్లో ఇలాగే వంతులేసుకున్నారట. సాయంత్రం ఐదైంది. కూలీల డ్యూటీ టైము అయిపోయింది.

పరంధాములు రిజిస్టరు నా ముందు పెట్టాడు. ఇరవై రెండు వరుసలు. చివర ఒక గడి: 'స్వాధీనం చేసుకోలేకపోవడానికి కారణం'.

"ఏం రాస్తారో రాయండి టీచరమ్మా. సంతకం మీది. నిరాకరించారని రాస్తే పోలీసులొస్తారు. మీరు సహకరించలేదని రాస్తే మీ ఉద్యోగం పోతుంది. ఆలోచించుకోండి."

పదహారేళ్లలో నేను చాలా గడులు నింపాను. పంపిన గొడుగులు తడిసి పాడయ్యాయని రాశాను. పంపిన బరువు మిషన్లు తూగట్లేదని రాశాను. ఇల్లిల్లుకూ ఇచ్చిన దోమతెరల్లో టమాటలు ఆరబెడుతున్నారని రాశాను. ఈసారి పెన్ను గడి మీద ఆనించి ఇంట్లోకి చూశాను. గదిలో మన్విత కమ్మీలు పట్టుకుని లేచి నిలబడింది. ఒక చెయ్యి వదిలింది. రెండోదీ వదిలింది. ఎవరూ పట్టుకోకుండా మూడడుగులు వేసి నేల మీద చతికిలబడి, తానే చప్పట్లు కొట్టుకుంది. భూలక్ష్మి చుడుతున్న బీడీ చేతిలోనే ఆగిపోయింది.

ఇరవై రెండు గడుల్లోనూ ఒకే మాట రాశాను. 'వాడుకలో ఉంది.'

పరంధాములు చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"వాడుకలో ఉందా?" అన్నాడు. "మనం ఇచ్చింది?"

"ఉంది."

"ఎవరన్నా అడిగితే?"

"వచ్చి చూసుకోమనండి."

అతను రిజిస్టరు మూసి, రెండు చేతులా పట్టుకుని లారీ ఎక్కాడు.

ఆ తర్వాత సంగతి విమలాదేవి మేడమ్ చెప్పారు. పోయిందని, విరిగిందని, చెదలు పట్టిందని వచ్చే నివేదికలకు మండలిలో వేరువేరు ఫైళ్లున్నాయి. ఇచ్చిన వస్తువు వాడుకలో ఉందని వచ్చిన నివేదికకు ఫైలు లేదు. ఏ సెక్షనుకు పంపాలో గుమస్తాకు తెలియలేదు. సుధీంద్రబాబు గారికీ తెలియలేదు. ఇలాంటి సందర్భంలో ఏం చేయవలెనో తెలుపగోరుతూ రాజధానికి రాశారు. అక్కడివాళ్లకూ తెలియక, అభిప్రాయం కోసం న్యాయశాఖకు పంపారట.

ఇంకా తిరిగి రాలేదు. అది వచ్చేదాకా నా ఉద్యోగం నాకుంది, భూలక్ష్మికి కిటికీ వెలుగు ఉంది. మన్విత ఇప్పుడు పరుగెత్తుతోంది.